సంతకానికి ముందు నాతో కూర్చున్నవాళ్లకు

అందరికీ నమస్కారం. మోకాళ్ల నొప్పికి హైదరాబాద్‌లో ఒక క్లినికల్ ట్రయల్‌లో (చికిత్స పనిచేస్తుందో లేదో మనుషుల్లో పరీక్షించి చూసే అధ్యయనంలో) చేరానని తెలిసి చాలామంది ఫోన్ చేశారు, కొందరు ఇంటికే వచ్చి పలకరించారు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడటం కుదరలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాకు రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగింది. ఎక్స్‌రే చూసి రెండో గ్రేడ్ అన్నారు, నాలుగు వరకు ఉంటుందట. ఆపరేషన్ దాకా ఇంకా రాలేదు. నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో మంట. అలాంటప్పుడు నాతో పనిచేసిన టీచరమ్మ ఒకావిడ ఈ ట్రయల్ సంగతి చెప్పారు. మన రక్తమే కొద్దిగా తీసి, మెషీన్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే భాగాన్ని సూదితో మోకాల్లోకి ఎక్కిస్తారు. పీఆర్‌పీ అంటారు.

ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. మాది ఖమ్మం జిల్లా. 2009లో భద్రాచలం వైపు గిరిజన బాలికలకు ఒక అధ్యయనం కోసం హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసిన సంగతి మా దగ్గర ఇంకా చెప్పుకుంటారు. చాలామంది పిల్లల విషయంలో తల్లిదండ్రులను అడగకుండా హాస్టల్ వార్డెన్లతో సంతకాలు పెట్టించారని తర్వాత బయటపడింది. 2010లో ఆ అధ్యయనాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. "మనుషుల మీద ప్రయోగాలకా వదినా నువ్వు వెళ్లేది?" అని మా ఆడపడుచు ఏడ్చేసింది. ఆ భయానికి కారణం ఉంది. దాన్ని ఎవరూ తేలిగ్గా తీసేయకూడదు.

డాక్టరమ్మ తీసేయలేదు. ఆమెకు నా మొదటి నమస్కారం. ఈ చికిత్స గొప్పదని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. ఆస్ట్రేలియాలో 288 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయనీ, ఏడాది తర్వాత చూస్తే పీఆర్‌పీకీ, మందేమీ లేని మామూలు సెలైన్ (ఉప్పునీటి) సూదికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదనీ తనే చెప్పారు. మరి మళ్లీ ఎందుకమ్మా అని అడిగాను. తయారుచేసే పద్ధతిని బట్టి ప్లేట్‌లెట్ల మోతాదు మారుతుంది, అందుకే ఇంకా తేల్చాల్సింది ఉంది అన్నారు. వద్దనుకోవడానికి కావలసిన కారణాన్ని కూడా నా చేతిలో పెట్టిన మనిషి మీద నాకు నమ్మకం కుదిరింది.

ఆ తర్వాత కోఆర్డినేటర్ అమ్మాయి. అంగీకార పత్రం తెలుగులోనే ఉంది, కానీ చాలా పేజీలు. తను పక్కన కూర్చుని వాక్యం వాక్యం చదివి వినిపించింది. ఎవరికి పీఆర్‌పీ, ఎవరికి సెలైన్ అన్నది కంప్యూటర్ చీటీ తీసినట్టు నిర్ణయిస్తుంది. రక్తం మాత్రం అందరి దగ్గరా తీస్తారు, సిరంజికి లోపలున్నది కనపడకుండా టేపు చుడతారు. ఎప్పుడు వద్దనిపించినా మానేయొచ్చు, మానేసినా ఆసుపత్రిలో మామూలు వైద్యం ఆగదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత చికిత్స, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నిబంధనల్లో ఉంది. ట్రయల్‌లో చేరినవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు కింద రాసి ఉంది. "ఇంటికి తీసుకెళ్లండి అమ్మా, మీవాళ్లందరూ చదివాకే సంతకం" అంది. మా ఆడపడుచు అడిగిన ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని వెళితే అన్నింటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. ఫారం నింపించుకుని పంపేయడం ఎంత సులువో బడిలో పనిచేసిన నాకు తెలుసు. తల్లీ, నీ ఓపికకు దండం.

పక్కింటి ఫార్మసీ చదివే అమ్మాయి మరో మేలు చేసింది. మన దేశంలో ట్రయల్స్‌ను క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ అనే ఆన్‌లైన్ జాబితాలో నమోదు చేయాలట, 2009 నుంచి అది తప్పనిసరి. ఫారం మీదున్న నంబరు కొట్టి, ఆ వివరాలు అక్కడ ఉన్నాయని నాకు చూపించింది. మా ఇంట్లో వాదన ఆ రాత్రే ముగిసింది.

తొడ కండరాలకు వ్యాయామం నేర్పిన ఫిజియో బాబుకు, నొప్పి గురించి అడిగే 24 ప్రశ్నలనూ విసుక్కోకుండా ప్రతిసారీ చదివి వినిపించిన సిస్టర్‌కు, నేను లేనప్పుడు ఇల్లంతా చూసుకున్న మా కోడలికి కూడా కృతజ్ఞతలు.

ఇప్పుడెలా ఉందని అడుగుతున్నారు. మెట్లు దిగేటప్పుడు నొప్పి తగ్గింది. కానీ నాకు పడింది ఏ సూదో నాకూ తెలియదు, నన్ను పరీక్షించే డాక్టరుకూ తెలియదు. ఆ ఆస్ట్రేలియా ట్రయల్‌లో సెలైన్ పడ్డవాళ్లకు కూడా నొప్పి తగ్గిందట. కాబట్టి నన్ను చూసి డబ్బు కట్టి పీఆర్‌పీ చేయించుకోవద్దని అందరినీ కోరుతున్నాను. ట్రయల్ ముగిశాక ఏ సూదో చెబుతామన్నారు, అప్పుడు తప్పకుండా రాస్తాను.

మీలో ఎవరి చేతికైనా ఇలాంటి అంగీకార పత్రం వస్తే ఇంటికి తెచ్చేయండి. ఇద్దరం కూర్చుని మొదటి పేజీ నుంచి చదువుదాం. మా ఆడపడుచు కూడా వస్తానంది, ప్రశ్నలు తను అడుగుతుందట.