బోద కోసేవాళ్లు లేరు సార్: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

కడప జిల్లాలో లంకమల కొండల కింద ఒక పల్లె మాది. మా నాయన గొర్రెలు కాసేవాడు, ఇప్పుడు మా చిన్నాయన కాస్తున్నాడు. శివరాత్రి దాటినాక రాత్రిపూట మిద్దెక్కి చూస్తే కొండ మీద ఎర్రటి గీత వంకర్లు తిరుగుతూ పోతుంటుంది. దూరానికి బాగానే ఉంటుంది. దగ్గరికి పోతే బోద గడ్డి చిటపటమంటుంది, మొహం మాడిపోతుంది.

పోయిన ఎండాకాలం ఊరి వెనక గుట్ట అంటుకుంటే పదిమందిమి పచ్చి కానుగ మండలు విరుచుకుని పోయినాం. మండతో మంటను కొట్టకూడదు, అదిమిపట్టాలి. కొడితే రవ్వలు లేచి వెనకపక్క అంటుకుంటుంది. నేను మొదట కొట్టినాను, చిన్నాయనతో తిట్లు తిన్నాను. తెల్లారి చూస్తే మసిలో నాలుగు కౌజు గుడ్లు, పెంకు చిట్లి ఉడికిపోయి ఉన్నాయి.

నిప్పు ఎవరు పెట్టారంటే అందరి వేలూ కాపరి వైపే పోతుంది. కొంత నిజమే, దాచను. కాలిస్తే లేత చిగురు వస్తుందని ఆశ. మా సీమలో వేసవి వాన పడితే తప్ప ఆ చిగురు రాదు, ఉన్న ఎండుమేతా బూడిదవుతుంది. అయితే బీడీలు చుట్టే తునికాకు బాగా చిగురించాలని పెట్టేవాళ్లు, గట్టు మీద చెత్త కాల్చి ఇంటికి పోయే రైతులు, బీడీ ముక్క విసిరేవాళ్లు కూడా ఉన్నారు. 1967 అటవీ చట్టం చూపించి భయపెడితే జరిగేది ఒక్కటే. నిప్పు చూసినవాడు ఆర్పడు, పరిగెత్తి పోతాడు. నిలబడితే వాడి మీదే కేసు కదా.

మంట కన్నా ముందు గడ్డి సంగతి చూడండి. నా చిన్నప్పుడు సంక్రాంతి దాటితే బోద కోసి, మోపులు కట్టి దించి, కొట్టాలు కప్పుకునేవాళ్లు. ఇప్పుడు అన్నీ రేకులే. కోసేవాడు లేక మనిషెత్తు బోద అట్లే ఎండి నిలబడి ఉంటుంది, అగ్గిపుల్ల కోసం.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఉపగ్రహంతో మంటను పసిగట్టి ఫోన్లకు మెసేజ్ పంపుతున్నారు. మంచి ఏర్పాటే. కానీ ఆ ఉపగ్రహానికి ఒక చుక్క అంటే నేల మీద 375 మీటర్లు, పైగా రోజుకు కొన్నిసార్లే మన మీదుగా పోతుంది. చెట్ల అడవి రోజుల తరబడి కాలుతుంది కాబట్టి చిక్కుతుంది. గడ్డి మంట గంటలో గుట్టెక్కి దిగిపోతుంది. 2014 మార్చిలో శేషాచలం అంటుకుంటే హెలికాప్టర్లు దిగినాయి. మా గుట్టకు కానుగ మండే దిక్కు.

చిట్టడవిని లెక్కల్లో కూడా అడవి అనరు. హైదరాబాదులోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) సాయంతో కేంద్రం వేసే బంజరు భూముల అట్లాసులో పొదల నేలనూ బంజరు కిందే లెక్కేస్తారు. బంజరు కాలితే ఎవరికి పట్టింది? కానీ 1900 నుంచి ఎవరికీ కనపడక, అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో దొరికింది ఈ లంకమల పొదల్లోనే. దాన్ని పట్టి శాస్త్రవేత్తలకు చూపింది కూడా మా వైపు పిట్టలు పట్టే మనిషే. ఆ పిట్టకు పొదా కావాలి, పొదకూ పొదకూ నడుమ ఖాళీ నేలా కావాలి. ఏటా కాలిస్తే పొద మిగలదు. మేకలను అక్కడినుంచి మొత్తం తరిమేస్తే నడుమ ఖాళీ మూసుకుపోతుంది.

పక్కన కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో సోలిగలనే గిరిజనులు ఎండలు ముదరకముందే, చిన్న మంటతో ఎండుటాకు కాల్చేవాళ్లు. తరగు బెంకి అంటారు దాన్ని. అది ఆపించినాక అక్కడ లాంటానా అనే కలుపు పొద కమ్ముకుందని వాళ్ల మాట. మా పొదల్లో అట్లా కాల్చమని నేననడం లేదు, కలివికోడి తిరిగే చోట అసలు వద్దు. అడిగేది వేరు.

జనవరిలోనే, ఇంకా పచ్చి ఆరకముందే, బాటల వెంట బోద కోసుకోడానికి అనుమతివ్వండి. కూలి ఇచ్చి కోయించినా సరే. మంట దాటకుండా గడ్డి చెక్కి తీసే ఫైర్ లైన్లు ఎక్కడ తీయాలో మ్యాపు ముందేసుకుని కాదు, కాపర్లను వెంటబెట్టుకుని గీయండి. గాలి ఏ కనుమలో తిరుగుతుందో వాళ్లకు తెలుసు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఊరికి ఇద్దరు కాపర్లకు జీతమిచ్చి ఫైర్ వాచర్లుగా పెట్టుకోండి. నిప్పు చూసి కబురు చెప్పినవాడి మీద కేసు ఉండదని రాతపూర్వకంగా చెప్పండి.

మా చిన్నాయన పేరు మొదటి ఏడాదికే రాసుకోవచ్చు. సెల్లు వాడడం రాదు గానీ, ఈల వేస్తే రెండు గుట్టల అవతలికి వినపడుతుంది.

ఇట్లు,
లంకమల కింద ఒక గొర్రెల కాపరి కొడుకు