గ్రాండ్ టీటన్ ఫొటోలకు సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు

సెప్టెంబరు చివర్లో కారులో అమెరికాలో వయోమింగ్‌లోని గ్రాండ్ టీటన్ నేషనల్ పార్కుకి వెళ్తున్నాం, ఫొటోలకి ఏమేం చూసుకోవాలి అని అడిగితే ఓపిగ్గా జవాబులు రాసిన అందరికీ పేరుపేరునా నమస్కారాలు. ఏ సలహా ఎక్కడ పనికొచ్చిందో కింద రాస్తున్నాం. వచ్చే ఏడు వెళ్లేవాళ్లకీ అక్కరకొస్తుంది.

ముందుగా సియాటిల్ అన్నగారికి. "కొండల తూర్పు ముఖమే మీకు కనబడేది, తెల్లారుజామునే పని కానిచ్చుకోండి" అన్నారు. ప్లానంతా ఆ ఒక్క ముక్క మీదే నడిచింది. హైవే, స్నేక్ నది, పాత కొట్టాలు అన్నీ కొండలకి తూర్పు వైపే. పొద్దున ఎండ నేరుగా శిఖరాల మీద పడుతుంది. సాయంత్రానికి సూర్యుడు వాటి వెనక్కి పోతే మిగిలేది నల్లటి అంచే. ఆ రోజుల్లో సూర్యోదయం దాదాపు ఏడుంబావుకి. 4,199 మీటర్ల గ్రాండ్ టీటన్ శిఖరం కొస అంతకంటే ముందే ఎర్రబడుతుంది, లోయ మాత్రం ఇంకా నీడలోనే ఉంటుంది. స్నేక్ నది ఒడ్డునున్న ష్వాబాకర్ ల్యాండింగ్‌లో గంట ముందే ట్రైపాడ్ పెట్టుకోకపోతే నీటి ఒడ్డున చోటు దొరకదు. ఎండ ఎక్కేకొద్దీ గాలి లేస్తుంది, నీళ్లలో ప్రతిబింబం చెదిరిపోతుంది.

ఆ వెలుగు తేడాకి గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ (పైసగం ముదురుగా, కిందసగం తేటగా ఉండే అద్దం) వద్దన్న డాలస్ అక్కయ్య మాట అక్షరాలా నిజం. శిఖరాలు రంపం పళ్లలా ఉండబట్టి ఫిల్టర్ గీత వాటి కొసల్ని మసిబారుస్తుంది. ఐఎస్‌ఓ 100 (కెమెరా వెలుగుకి స్పందించే స్థాయి), ఎఫ్/11 (లెన్సు రంధ్రం సైజు), రెండేసి స్టాపుల తేడాతో (ఒక స్టాపంటే వెలుగు రెట్టింపు లేదా సగం) మూడు ఫ్రేములు తీసి తర్వాత కలుపుకోవడమే మేలు. నీటి మీది మెరుపుని తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ కూడా తీసెయ్యాలి. తిప్పడం కాస్త అటూ ఇటూ అయితే ప్రతిబింబమే మాయం, పైగా వైడ్ లెన్సులో ఆకాశం ఒక పక్క ముదురుగా, ఇంకో పక్క వెలిసిపోయినట్టు వస్తుంది.

మోర్మన్ రోలోని మోల్టన్ కొట్టం దగ్గర అందరూ చేసేది ఒకటే: కొట్టానికి దగ్గరగా వెళ్లి వెడల్పుగా చూపే లెన్సు 16 ఎంఎం‌తో తియ్యడం. అప్పుడు కొట్టం పెద్దదై, వెనకున్న కొండలు గులకరాళ్లంత అవుతాయి. దూరాన్ని దగ్గరగా చూపే 70 నుంచి 100 ఎంఎం లెన్సు పెట్టుకుని, కొట్టం ఫ్రేములో సరిపోయేదాకా వెనక్కి నడవమని ఒకరు రాశారు. కొట్టం సైజు అంతే ఉంటుంది, కొండ మాత్రం దాని నెత్తి మీదకి లేచి నిలబడుతుంది. లెన్సు చేసే మాయేమీ లేదు, మనం నిలబడే దూరమే మారింది. ముందున్న జనం తల కూడా ఎత్తకుండా ఉంటే ఇంకా బాగుండేది, అది మన చేతిలో లేదు.

ఆక్స్‌బో బెండ్‌లో చలి ఎక్కువైన పొద్దుల్లో నది మీద పొగమంచు లేచి మౌంట్ మోరన్ కొండ‌ని పూర్తిగా కప్పేస్తుంది. అలాంటప్పుడు అక్కడే కాచుకుని కూర్చోకుండా ఎత్తు మీదున్న స్నేక్ రివర్ ఓవర్‌లుక్‌కి వెళ్లమన్నారు. పేరుమోసిన ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ 1942లో తన ప్రసిద్ధమైన టీటన్ ఫొటో తీసిన చోటు అదే. అయితే చెట్లు ఎదిగిపోయి నది వంపు చాలామటుకు కనబడదు, ఆ ఫొటోనే ఆశించి పోవద్దు.

మూస్‌ని (పెద్ద కొమ్ముల దుప్పి జాతి జంతువు) కారు కిటికీలోంచి 400 ఎంఎం‌తో తీసేవాళ్లకి ఒక సంగతి. హీటరు వేడిగాలి కిటికీలోంచి బయటికి పోతుంటే ఫొటో కరిగినట్టు వస్తుంది. తప్పు ఫోకస్‌దనుకుంటాం. హీటరు ఆపి, అద్దాలు దించి, లోపలి వేడి పూర్తిగా పోయేదాకా ఆగాలి. కారు దిగి తీసేవాళ్లు మూస్‌కి 25 గజాలు, ఎలుగుబంట్లకి, తోడేళ్లకి 100 గజాలు ఎడం పాటించాలి. ఎలుగుబంట్లని తరిమే బేర్ స్ప్రే విమానంలో చెకిన్ బ్యాగులో కూడా తీసుకెళ్లనివ్వరు, పార్కు దగ్గరి ఊరు జాక్సన్‌లో కొనుక్కోవాలి. పులిహోర, ఆవకాయ బయట బల్ల మీద వదిలెయ్యకండి. కారులో పెట్టి అద్దాలు బిగించాలి.

ఐడహో ఫాల్స్ బాబాయిగారు చెప్పినట్టు టీటన్ పాస్ (కొండ కనుమ దారి) దిగేటప్పుడు లో గేరు తప్పనిసరి. వాలు 10 శాతం దాకా ఉంది, బ్రేకు మీదే కాలుంచితే కాలిన వాసన వస్తుంది. పార్కులో హైవే మీద రాత్రి వేగ పరిమితి గంటకి 45 మైళ్లు. చీకట్లో పెద్ద దుప్పుల్లాంటి ఎల్క్‌లు రోడ్డు దాటుతుంటాయి.

అక్టోబరు మొదటి వారంలో వెళ్లొచ్చా అని ఒక చెల్లెమ్మ అడిగారు. వెళ్లొచ్చు. యాస్పెన్ చెట్ల ఆకులు చాలావరకు రాలిపోయి ఉండొచ్చు గానీ, నది వెంట కాటన్‌వుడ్ చెట్లు పసుపు పూసుకున్నట్టే ఉంటాయి. టీటన్ పార్క్ రోడ్డు మధ్యభాగం నవంబరు 1న కార్లకి మూసేస్తారు, ఆ తేదీ దాటనివ్వకండి.