హైదరాబాద్–శాన్ ఫ్రాన్సిస్కో ప్రయాణ సమయాన్ని తప్పుగా చూపడంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంటున్న మా అక్క దగ్గరికి అమ్మానాన్నలను పంపడానికి మీ వెబ్‌సైట్‌లో టికెట్లు కొన్నాను. నగరాల మధ్య దూరాలు చూపే మీ పేజీలో హైదరాబాద్ నుంచి అక్కడికి 13,500 కిలోమీటర్లు, మొత్తం ప్రయాణం 15 గంటలు అని ఉంది. టికెట్టు మీద ఏ ఊరికి ఆ ఊరి సమయమే వేశారు: తెల్లవారుజామున 4.30కి బయలుదేరి అదే రోజు సాయంత్రం 4 గంటలకు దిగడం. ఆ రెండు ఊళ్ల మధ్య పన్నెండున్నర గంటల తేడా ఉందన్న మాట ఎక్కడా లేదు.

మా అమ్మ ఇన్సులిన్ వాడుతుంది. ఎప్పుడు ఎంత మోతాదు వేసుకోవాలో, ఎప్పుడు తినాలో డాక్టరు గారు మీ 15 గంటల లెక్క ప్రకారమే చీటీ రాసిచ్చారు. నాన్న దాన్ని పాస్‌పోర్టులో పెట్టుకుని, ఒక్కొక్కటి అయ్యాక పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ వెళ్లారు. చీటీలోని ఆఖరి వరుస కూడా అయిపోయింది. దిగడానికి ఇంకా తొమ్మిది గంటలుంది. ఫోను చేసి అడిగే వీలు లేని చోట, డెబ్బై ఏళ్లు దాటిన మనిషి తర్వాతి మోతాదు తానే తేల్చుకోవాల్సి వచ్చింది. విమాన సిబ్బంది అమ్మకు వేళకు భోజనం తెచ్చి పెట్టి, దిగేదాకా కనిపెట్టుకుని ఉన్నారు. వారికి మా కుటుంబం రుణపడి ఉంది.

ఫోను చేస్తే, అది అంచనా మాత్రమేనని మీ వాళ్లు చెప్పారు. అంచనాకైనా ఒక ఆధారం ఉండాలి కదా! 13,500ను గంటకు 900 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే సరిగ్గా 15 వస్తుంది. కానీ మీరు అమ్మింది దుబాయ్‌లో విమానం మారే టికెట్టు. దుబాయ్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకే 13,000 కిలోమీటర్ల పైన ఉంటుంది, ఆ ఒక్క విమానానికే సుమారు 16 గంటలు పడుతుంది. దుబాయ్ దాకా నాలుగు గంటలు, అక్కడ ఆగడం మరో నాలుగు గంటలు కలిపితే 24.

పైగా విమానం పట్టే సమయం దూరాన్ని బట్టి మాత్రమే ఉండదు, గాలిని బట్టి కూడా ఉంటుంది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపు మళ్లించింది. దారి సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగినా, పడమటి నుంచి తూర్పుకు వీచే గాలుల తోడుతో ప్రయాణం దాదాపు రెండు గంటలు తగ్గింది. విమాన టికెట్లు అమ్మే సంస్థకు ఇది తెలియదంటే నేను ఒప్పుకోను.

నాకు డబ్బు వాపసు అక్కర్లేదు. నేరుగా విమానం లేని ఊళ్లకు ఆ భాగహారపు సమయాన్ని తీసేయండి. గాల్లో ఉండే సమయం, మధ్యలో ఆగే సమయం, మొత్తం గంటలు విడివిడిగా, టికెట్టు మీద కూడా కనిపించేలా వేయండి. వెళ్లేటప్పటి సమయాన్నే తిరుగు ప్రయాణానికీ చూపకండి.

అమ్మానాన్నలు సంక్రాంతికి ముందు తిరిగి వస్తారు. అప్పటికి అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరిగి, తేడా పదమూడున్నర గంటలవుతుంది. వారి తిరుగు ప్రయాణానికి మొత్తం ఎన్ని గంటలో 15 రోజుల్లోగా నాకు రాతపూర్వకంగా తెలియజేయండి. డాక్టరు గారికి చూపించాలి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారు,
హైదరాబాద్