గోళ్ల మీది మెరుపు కొసరు కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో నగరంలోని నెయిల్ పార్లర్ల ధరల మీద వచ్చిన కథనం చదివాను. ఒకే జెల్ పాలిష్‌కు ఒక చోట 500, మరో చోట 2,000 తీసుకుంటున్నారని, రంగు వేశాక పైన అద్దంలా మెరిసే క్రోమ్‌కో మెరుపు లేని మ్యాట్‌కో మళ్లీ విడిగా వసూలు చేయడం దోపిడీ అని అందులో రాశారు. నేను పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఏడేళ్లు ఇతరుల దగ్గర చేశాను. నాలుగేళ్లుగా కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో రెండు బల్లల సొంత దుకాణం నడుపుతున్నాను. మీ కథనంలో కొంత నిజం ఉంది, అది నన్ను బాధపెట్టింది కూడా. కానీ మ్యాట్‌నూ క్రోమ్‌నూ ఒకే గాటన కట్టడం దగ్గర మీ విలేకరి పొరబడ్డారు. మా వాళ్లలో చాలామంది చేసే పొరపాటు కూడా సరిగ్గా అదే.

ముందు పని ఎలా జరుగుతుందో చెప్పాలి. గోరు చుట్టూ శుభ్రం చేసి, ఆకారం దిద్ది, నూనె జిడ్డు పోయేలా తుడిచి, బేస్ కోట్ వేస్తాం. దాని మీద రంగు రెండు పూతలు. ఆఖరున టాప్ కోట్. జెల్ గాలికి ఆరదు, లాంపు వెలుగుకే గట్టిపడుతుంది కాబట్టి ప్రతి పూతకూ చెయ్యి లాంపులో పెట్టించాలి. ఎల్ఈడీ లాంపు అయితే అర నిమిషం నుంచి నిమిషం, పాత రకం యూవీ లాంపు అయితే రెండు నిమిషాలు. నాలుగు వేళ్లతో కలిపి పెడితే బొటనవేలు పక్కకు తిరిగి ఉంటుంది కాబట్టి దానికి వెలుగు సరిగా తగలదు. అందుకే నేను బొటనవేళ్లను విడిగా పెట్టిస్తాను. ఇంత పనికి, మామూలు మెరుపుతో కలిపి, నా దగ్గర 450 రూపాయలు.

ఇక ఫినిషింగ్. మ్యాట్ అంటే మెరుపు లేని, పలక లాంటి తీరు. దీనికి చేసేదల్లా ఆఖరి పూతకు ఒక సీసా బదులు మరో సీసా తీయడం. అదే కుంచె, అదే లాంపు, అదే నిమిషం. సీసా ధరలో కొద్ది తేడా ఉండవచ్చు, అంతే. దీనికి విడిగా డబ్బు తీసుకోవడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ ఒక్క విషయంలో మీ కథనం వైపే ఉన్నాను.

క్రోమ్ వేరు. రంగు ఆరాక, తుడవనక్కర్లేని రకం టాప్ కోట్ ఒక పూత వేసి లాంపులో పెట్టాలి. అది చల్లారకముందే చిన్న స్పాంజితో క్రోమ్ పొడిని ఒక్కొక్క గోటి మీదా రుద్దాలి. గట్టిగా రుద్దితే గీతలు పడతాయి, మెల్లగా రుద్దితే మచ్చలు మచ్చలుగా అంటుకుంటుంది. మిగిలిన పొడిని మెత్తని బ్రష్షుతో పూర్తిగా దులపాలి. గోటి అంచు చుట్టూ చర్మం మీద పడిన పొడిని తుడవాలి. ఆ తర్వాత మళ్లీ టాప్ కోట్ వేసి, గోటి కొన అంచును కూడా కప్పాలి. ఆ కొన కప్పడం మరిచిపోతే మూడో రోజుకే గిన్నెలు తోమే చేతికి మెరుపు లేచిపోతుంది. నల్ల రంగు మీద రుద్దితే అద్దంలా, తెలుపు మీద రుద్దితే ముత్యంలా కనిపించేవి ఈ రకం పొడులే. పది వేళ్లకు అదనంగా పద్దెనిమిది నిమిషాలు పడుతుంది. గడియారం పెట్టుకుని పదిహేను మందికి చూసి రాసుకున్న సగటు ఇది.

మా అమ్మ ఖమ్మంలో బ్లౌజులు కుట్టేది. కుట్టుకూలి ఇంత, లైనింగ్ వేస్తే ఇంత, చీరకు ఫాల్ ఇంత, కొంగుకు కుచ్చులు ఇంత అని కొలత తీసుకునే ముందే చెప్పేది. కుచ్చుల్లో పూసలు పెడితే పూసల వరసలను బట్టి చెప్పేది. ఆ లెక్క మీద ఆమెతో ఎవరూ గొడవ పడగా నేను చూడలేదు. లాడ్‌బజార్‌లో లక్క గాజుల మీద రాళ్ల వరసలు పెరిగితే ధర పెరుగుతుందని హైదరాబాద్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అదే మనుషులు నా బల్ల ముందు కూర్చుని, రంగు పూర్తయ్యాక, "పైన కాస్త మెరుపేగా, ఊరికే వేయండి" అంటారు. కూరల బండి దగ్గర కరివేపాకు అడిగినట్టు, కొసరుగా. తప్పు వారిది కాదు. ముందు చెప్పని మాది.

నేనూ ముందు చెప్పలేదు. దుకాణం తెరిచిన మొదటి ఏడాది లెక్క తెలియక ఏ ఫినిషింగ్‌కైనా 100 రూపాయలు అని పెట్టాను. చెప్పడానికి సులువు, వినడానికి సులువు. నెలాఖరున పుస్తకం చూస్తే అడిగినవారిలో సగానికి పైగా మ్యాట్ వాళ్లే. ఒక్క నిమిషం ఎక్కువ పట్టని పనికి వారి దగ్గర వంద తీసుకుని, పద్దెనిమిది నిమిషాలు పట్టే క్రోమ్‌ను నష్టానికి చేశాను. అంటే మ్యాట్ అడిగిన మహిళ క్రోమ్ అడిగిన మహిళకు తెలియకుండానే డబ్బు కట్టింది. ఇది గుర్తించిన రోజు నాకు సిగ్గనిపించింది.

ఇంతలో శ్రావణ మాసం వచ్చింది. మా కాలనీలోనే ఉండే ఒక ఆవిడ వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు లేత క్రీము రంగుకు మ్యాట్ అడిగారు. వంద తీసుకుని వేశాను. వ్రతం మర్నాడు ఉదయం నేను షట్టరు ఎత్తేసరికి ఆవిడ మెట్ల మీద నిలబడి ఉన్నారు. పది గోళ్లూ పసుపుపచ్చ. పసుపు ముద్ద చేశారు, తోరాలకు రాశారు, ముత్తైదువుల కాళ్లకు పూశారు. మ్యాట్ పూత పైభాగం కంటికి కనిపించనంత గరుకుగా ఉంటుంది, ఆ గరుకే దాని మెరుపును చంపుతుంది. ఆ గరుకులోనే పసుపు, నూనె, కూరల రంగు కూర్చుంటాయి. ఈ సంగతి నాకు తెలుసు. ఎదురుగా శ్రావణ మాసం ఉందనీ తెలుసు. అయినా చెప్పలేదు. ఆవిడ కోప్పడలేదు. "అమ్మా, వంద ఎక్కువ ఇచ్చి పాడు చేసుకున్నానా?" అని మాత్రం అడిగారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. రంగు పూర్తిగా తీసి, మామూలు మెరుపుతో మళ్లీ వేసి, వంద తిరిగి ఇచ్చాను.

ఆ వారమే కూర్చుని లెక్క వేశాను. మీ పాఠకుల ముందు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. అద్దె 18,000. కరెంటు, ఫోను, నీళ్లు కలిపి 3,000. సహాయకురాలి జీతం 16,000. నా జీతం కింద 30,000 రాసుకున్నాను. ఇది రాసుకోవడానికి నాకు ఏడాది పట్టింది, ఎందుకంటే దుకాణం పెట్టిన ఆడవాళ్లం మన కష్టాన్ని ఖర్చుగా రాయం. మొత్తం 67,000. తెరిచి ఉంచేది పది గంటలైనా ఒక్కో బల్ల మీద నిజంగా పని నడిచేది రోజుకు అయిదు గంటలు. రెండు బల్లలు, 26 రోజులు, అంటే 15,600 నిమిషాలు. నిమిషానికి 4 రూపాయల 30 పైసలు. క్రోమ్ పద్దెనిమిది నిమిషాలకు 77. అదనపు టాప్ కోట్‌కు 20, ఎందుకంటే 600 రూపాయల సీసా నా చేతిలో ముప్పై మందికి వస్తుంది. పొడికీ స్పాంజికీ 10. పది మందిలో ఒకరు వారంలోపు కొన లేచిందని వస్తారు, వారికి ఉచితంగా సరిచేస్తాను, దానికి 17. కలిపితే 124. నేను తీసుకునేది 150. ఒకటి రెండు వేళ్లకే కావాలంటే వేలికి 20.

క్యాట్ ఐ, అంటే పిల్లి కంటిలా గోటి మీద వెలుగు గీత కనిపించే తీరు, కూడా ఇలాగే. జెల్ తడిగా ఉండగానే ప్రతి గోటికీ అయస్కాంతం చూపించి, గీత చెదరకముందే ఆ ఒక్క వేలినీ లాంపులో పెట్టాలి. దానికి 120. గోటి మీద అంటించే రాళ్లయితే రాయికి 10.

అసలు గొడవ చాలాసార్లు తీసేటప్పుడు వస్తుంది. దీన్ని మీ కథనం తాకనే లేదు. రంగు వేయించుకునేటప్పుడు ఎవరూ తీయడం గురించి ఆలోచించరు. మామూలు జెల్ అయితే పైపూతను ఫైలుతో గీరి, అసిటోన్ దూది పెట్టి, అల్యూమినియం రేకు చుట్టి, పది పదిహేను నిమిషాలు ఆగితే మెత్తబడుతుంది. రాళ్లు ఉంటే ఒక్కొక్కటీ కింద అంటించిన మందపాటి జెల్‌తో సహా ఊడదీయాలి, కొన్నిటికి డ్రిల్ పట్టాలి. తొందరపడి పెళ్లగిస్తే గోటి పొరలు కూడా లేచి వస్తాయి. ఇరవై రాళ్లు పెట్టించుకున్నవారికి మూడు వారాల తర్వాత నలభై నిమిషాల పని మిగులుతుంది. ఆ డబ్బు సంగతి రాళ్లు పెట్టే రోజే చెప్పాలి. ఇప్పుడు నేను చెబుతున్నాను. విని ఇరవై రాళ్లను ఆరుకు తగ్గించుకునేవారు ఉన్నారు. తగ్గించుకోనివ్వాలి.

మీ కథనంలోని నిజం దగ్గరకు వస్తాను. సొంత దుకాణానికి ముందు ఒక పెద్ద మాల్‌లో పనిచేశాను, పేరు వద్దు. బయట బోర్డు మీద "499 నుంచి" అని ఉండేది. ఆ "నుంచి" అనే మాట ఎంత చిన్న అక్షరాలలో ఉండేదో, ఎంత మందిని ఏడిపించిందో నేను కళ్లారా చూశాను. చెయ్యి బల్ల మీద పెట్టాక, రెండో పూత ఆరుతుండగా, "మేడమ్, పైన ఏమి వేయమంటారు?" అని అడగమని మాకు నేర్పారు. సగం పూర్తయిన చేతితో ఎవరు లేచి వెళ్లగలరు? ప్రతి అదనపు ఫినిషింగ్‌కు మాకు కొంత వాటా ఉండేది, నెలకు ఇన్ని చేయాలని లెక్క కూడా. తొమ్మిది వేల జీతంతో ఊరికి డబ్బు పంపే అమ్మాయి ఆ లెక్క కోసం అబద్ధం చెప్పదని ఎలా అనుకుంటాం? నేనూ చెప్పాను. మ్యాట్ ఎక్కువ రోజులు నిలుస్తుందని చెప్పాను. ఒక కాలేజీ అమ్మాయి బిల్లు చూసి, మెట్రో కార్డులో డబ్బు ఉందో లేదోనని స్నేహితురాలికి ఫోను చేసింది. ఆ తర్వాత మూడు నెలలకు మానేశాను.

పన్ను గురించి కూడా ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్, పార్లర్ సేవల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. "మీరు ఎందుకు తగ్గించలేదు?" అని నన్నూ అడిగారు. ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉండి రిజిస్టర్ కాని నాలాంటి చిన్న దుకాణం ఈ పన్నును ఎప్పుడూ వసూలు చేయలేదు. తగ్గించడానికి నా బిల్లులో అది లేనే లేదు. పెద్ద సెలూన్లను మాత్రం అడగండి, బిల్లులో చూడండి.

చవకగా దొరికేదంతా మంచిదని కూడా రాయకండి. ధర తగ్గించేవారు ఎక్కువగా తగ్గించేది లాంపులో ఉంచే సమయాన్ని, సీసా నాణ్యాన్ని. సరిగా గట్టిపడని జెల్ చర్మానికి తగిలితే దురద, పొక్కులు వస్తాయి. ఒకసారి ఆ ఎలర్జీ పట్టుకుంటే చాలామందికి జీవితాంతం ఉండిపోతుంది. లాంపు వెలుగుకు జెల్ గట్టిపడటానికి కలుపుతూ వచ్చిన టీపీఓ అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. అది తెలిశాక నేను అది లేని సీసాలకు మారాను. బేగంబజార్‌లో సగం ధరకు పేరు లేని సీసాలు చూపించారు, వెనుక ఏమి కలిపారో రాసి లేదు, తీసుకోలేదు.

నా తోటి పనివారికి నా విన్నపం ఇది. ఫినిషింగ్‌ల పేర్లు, ధరలు, పట్టే నిమిషాలు, తీయడానికి అయ్యేది, అన్నీ తెలుగులో రాసి తలుపు దగ్గర పెట్టండి. "నుంచి" అనే మాట తీసేయండి. నా దుకాణంలో ఈ బోర్డు పెట్టి మూడేళ్లయింది. మ్యాట్ ఎదురుగా "అదనపు డబ్బు లేదు, పసుపు పనులు ఉంటే వద్దు" అని ఉంటుంది. క్రోమ్ అడిగేవారు మొదట తగ్గారు, ఇప్పుడు మళ్లీ వస్తున్నారు, బేరం లేకుండా.

మీ విలేకరిని మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం రమ్మనండి, ఆ వేళ రద్దీ ఉండదు. ఒక చేతికి మ్యాట్, మరో చేతికి క్రోమ్ వేస్తాను. గడియారం ఆవిడ దగ్గరే ఉంచుకోమనండి. ఆ నిమిషాలను మీ పత్రికలో అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక నెయిల్ టెక్నీషియన్,
కూకట్‌పల్లి, హైదరాబాద్.