పాత హైస్కూళ్ల చరిత్ర అడ్మిషన్ రిజిస్టర్లలో ఉంది

సంపాదకుల వారికి,

నమస్కారం. పాత ప్రభుత్వ హైస్కూళ్ల వార్షికోత్సవాల గురించి మీ పత్రికలో ఈ మధ్య వరసగా కథనాలు వస్తున్నాయి. సంతోషం. అయితే ఏ స్కూలు గురించి చదివినా ఒకటే వరస: ఫలానా ఏడాది పునాదిరాయి వేశారు, ఫలానా జడ్జి, ఫలానా మంత్రి ఇక్కడే చదివారు, ఇన్ని ర్యాంకులు వచ్చాయి. ఇవి రాయకూడదని నేననను. కానీ జనం కట్టే పన్నులతో నడిచే బడి గురించి రాసేటప్పుడు ముందు చెప్పాల్సిన సంగతి వేరే ఉంది. ఆ గేటు ఎవరికి ఎప్పుడు తెరిచారు? అంతకుముందు ఎవరిని రానివ్వలేదు? వచ్చినవాళ్లలో మధ్యలోనే వెళ్లిపోయిందెవరు? నేను చూసిన సావనీర్లలో ఈ ప్రశ్నలకు ఒక్క పేజీ కూడా లేదు.

నేను ఇరవై ఎనిమిదేళ్లు ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. చివర్లో కొన్నాళ్లు అడ్మిషన్ రిజిస్టర్ల బాధ్యత కూడా నాకే అప్పజెప్పారు. ఒకరోజు డెబ్భై దాటిన ఒక పెద్దావిడ మనవరాలి చేయి పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చారు. ఏ సర్టిఫికెట్ కావాలమ్మా అని అడిగితే ఏమీ వద్దన్నారు. "నా పేరు ఇంకా ఉందేమో చూద్దామని వచ్చాను మాస్టారూ" అన్నారు. చేరిన సంవత్సరం ఆవిడకు బాగా గుర్తుంది. రిజిస్టరు తీశాను. అట్ట ఊడిపోయింది, పేజీ తిప్పితే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. ఆ ఏడాది ఆ తరగతిలో చేరింది నలభై మూడు మంది, అందులో ఆడపిల్లలు ముగ్గురు. మూడో పేరు ఆవిడది. తండ్రి వృత్తి దగ్గర 'కూలి' అని ఉంది. మానేసిన కారణం దగ్గర ఎర్ర సిరాతో 'ఇంటి పనులు' అని రాశారు. ఆవిడ ఆ రెండు మాటల మీద వేలు పెట్టి చాలాసేపు ఉండిపోయారు. తర్వాత మనవరాలికి తన పేరు చూపించి, "ఏడు నెలలు వచ్చాను ఇక్కడికి" అన్నారు.

ఆ స్కూలు ఉత్సవ సంచికలో ఆవిడ లేరు. ఉండాలని ఎవరికీ తోచలేదు.

ఇది ఏ ఒక్క చోటి కథో కాదు. అమెరికాలో మొట్టమొదటి ప్రభుత్వ హైస్కూలు బోస్టన్‌లో 1821లో మొదలైంది. అంతకు చాలాముందే, 1635 నుంచే, అక్కడ లాటిన్ స్కూలు ఉంది. అది కాలేజీకి వెళ్లే అబ్బాయిల కోసం. కాలేజీకి వెళ్లకుండా వ్యాపారంలోకో, చేతిపనిలోకో దిగే కుర్రాళ్లకు లెక్కలు, సర్వే, పద్దులు నేర్పడానికి ఈ కొత్త బడి పెట్టారు. గొప్ప ఆలోచనే. మరి ఆడపిల్లల సంగతి? 1826లో వాళ్లకూ ఒక హైస్కూలు తెరిచారు. అనుకున్నదానికంటే చాలా ఎక్కువమంది చేరడానికి వచ్చారు. ఇంతమందిని చదివించాలంటే ఖర్చు భరించలేమని 1828లో నగరపాలక పెద్దలు దాన్ని మూసేశారు. బడి విఫలమై మూతపడలేదు, బాగా నడిచినందుకే మూతపడింది. ఇక ఆ పాత లాటిన్ స్కూల్లోకి ఆడపిల్లలను రానిచ్చింది 1972లో. 1635కీ 1972కీ మధ్య మూడు వందల ముప్పై ఏడేళ్లు. అమెరికా దేశ నిర్మాతల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ అక్కడ చదివాడని అందరికీ తెలుసు. ఈ మూడు వందల ముప్పై ఏడేళ్ల సంగతి ఎంతమందికి తెలుసు?

హైస్కూలుకు జనం సొమ్ము ఖర్చు పెట్టొచ్చా లేదా అన్నది కూడా ఒకప్పుడు కోర్టు తేల్చాల్సి వచ్చింది. మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ అనే చోట కొందరు పన్ను చెల్లింపుదారులు కేసు వేస్తే, హైస్కూలు కోసం పన్ను వసూలు చేయొచ్చని 1874లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఈ రోజు మనం మామూలుగా తీసుకునే బడి వెనక అంత పోట్లాట నడిచింది.

నాకు ఎప్పుడూ మనసులో మెదిలేది మాత్రం వర్జీనియాలోని ఫామ్‌విల్‌లో ఉన్న మోటన్ హైస్కూలు. నల్లజాతి పిల్లల కోసం 1939లో కట్టారు. సరిపోయేది నూట ఎనభై మందికి. పదేళ్లు తిరిగేసరికి పిల్లలు నాలుగు వందలు దాటారు. కొత్త గదులు కట్టమంటే, చెక్కలతో షెడ్లు వేసి పైన తారుకాగితం కప్పారు. వాన పడితే కారేవి. చలికాలంలో షెడ్డుకు ఒక్క పొయ్యి ఉండేది. దాని పక్కన కూర్చున్నవాళ్లకు ఉక్క, దూరంగా ఉన్నవాళ్లు కోట్లు విప్పకుండానే పాఠం వినాలి. అదే ఊళ్లోని తెల్లపిల్లల స్కూల్లో జిమ్ ఉంది, క్యాంటీన్ ఉంది. వీళ్లకు రెండూ లేవు. 1951 ఏప్రిల్ 23న పదహారేళ్ల బార్బరా జాన్స్ హెడ్మాస్టరు గారు బయటికి వెళ్లేలా చేసి, అందరినీ అసెంబ్లీ హాలుకు పిలిపించింది, టీచర్లను బయటికి వెళ్లమని కోరి, తోటి పిల్లలతో మాట్లాడింది. ఆ తర్వాత బడి బడంతా బయటికి నడిచింది. రెండు వారాలు సమ్మె. మంచి బిల్డింగు కావాలని మొదలైన ఈ సమ్మె, వేరు బడులే వద్దనే కేసుగా మారింది. 1954లో అమెరికా సుప్రీంకోర్టు బడుల్లో జాతి విభజన చెల్లదని చెప్పిన తీర్పులో కలిపిన ఐదు కేసుల్లో ఇదొకటి. ఐదింటిలో పిల్లల సమ్మెతో మొదలైంది ఇదొక్కటే.

ఆ తర్వాత జరిగింది ఇంకా బాధ కలిగిస్తుంది. పిల్లలను కలిపి కూర్చోబెట్టడం ఇష్టం లేక ఫామ్‌విల్ ఉన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) 1959లో ప్రభుత్వ బడులన్నిటినీ మూసేసింది. 1964 దాకా తెరవలేదు. తెల్లపిల్లలకు ప్రైవేటు బడి పెట్టుకున్నారు. నల్లజాతి పిల్లల్లో చాలామందికి ఆ ఐదేళ్లూ చదువే లేదు. ఒక టీచరుగా ఆ ఐదేళ్ల గురించి ఆలోచిస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. ఆరో తరగతి పిల్లాడు ఐదేళ్ల తర్వాత ఏ బెంచీలో కూర్చోవాలి?

ఇవన్నీ మనకు తెలియడానికి ఒకటే కారణం, ఎవరో ఆ కాగితాలను, ఆ కట్టడాన్ని, ఆ మనుషుల మాటలను దాచిపెట్టారు. మోటన్ స్కూలు ఇప్పుడు మ్యూజియం. అన్నిటికీ ఆ అదృష్టం పట్టలేదు. వాషింగ్టన్‌లో 1870లో ఒక చర్చి కింది గదిలో మొదలైన బడి నల్లజాతి పిల్లలకు ఆ దేశంలో మొదటి ప్రభుత్వ హైస్కూలు. బానిసగా పుట్టి, అరవై దాటాక పారిస్‌లో డాక్టరేట్ తీసుకున్న ఆనా జూలియా కూపర్ ఆ బడికి హెడ్మాస్టరుగా పనిచేశారు. తర్వాత డన్‌బార్ హైస్కూలుగా పేరు మారి, 1916లో కొత్త భవనంలోకి వెళ్లింది. ఆ భవనాన్ని 1977లో కూల్చేశారు.

అమెరికాలోనే ఆర్కాన్సా రాష్ట్రంలో ఉన్న లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూలు పద్ధతి నాకు నచ్చుతుంది. అప్పటిదాకా తెల్లపిల్లలకే పరిమితమై, 1957లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు సైన్యం కాపలాలో అడుగుపెట్టిన బడి అది. పిల్లలను కలపడం ఇష్టం లేక మరుసటి ఏడాది ఊళ్లో హైస్కూళ్లన్నీ మూసేశారు కూడా. ఇవేవీ దాచిపెట్టలేదు. 1998 నుంచి అది జాతీయ చారిత్రక స్థలం, అయినా రోజూ గంట కొట్టే మామూలు బడే. అక్కడి పిల్లలు తమ ఇళ్లలోని పెద్దవాళ్లను కూర్చోబెట్టి, అప్పట్లో ఏం జరిగిందో అడిగి రాసుకున్నారు. అది హోంవర్కు. దీనికి పెద్ద ఖర్చేం కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. నేను పనిచేసిన ఒక చోట గది ఖాళీ చేయాలని పాత రిజిస్టర్లను తూకానికి వేసేశారు. పరీక్షల పనిలో ఉండి నేను రెండు రోజులు ఆలస్యంగా చూసుకున్నాను. దాదాపు నలభై ఏళ్ల పేర్లు పోయాయి. ఎవరి మీదా కోపం లేదు, అది చెత్త అని అందరూ నిజంగానే నమ్మారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

విద్యాశాఖ వారిని అడిగేది, వందేళ్లు దాటిన బడుల్లోని అడ్మిషన్ రిజిస్టర్లను, హాజరు పట్టీలను, హెడ్మాస్టర్ల లాగ్ బుక్కులను ముందు స్కాన్ చేయించండి. స్కాన్ అయ్యేదాకా ఒక్క పుస్తకం కూడా బయటికి పంపొద్దని ఆర్డరు ఇవ్వండి. బతికున్నవాళ్ల వివరాలు బయటపడకుండా చూసుకోవడం పెద్ద కష్టం కాదు. సావనీరు వేసే కమిటీలకు నా విన్నపం, ర్యాంకర్ల ఫోటోలు తగ్గించుకోవద్దు, కానీ మొదటి ఆడపిల్ల ఏ ఏడాది చేరింది, ఏ కులం, ఏ వర్గం పిల్లలు ఎప్పటిదాకా ఆ పేజీల్లో కనపడలేదు, ఎంతమంది ఏ కారణంతో మానేశారు, ఇవి లెక్కగట్టి వేయండి. గంట కొట్టిన అటెండర్ పేరు కూడా వేయండి, పిల్లలందరికీ ఆయనే గుర్తుంటాడు.

మీ పత్రికకు ఒక మనవి. వారానికి ఒక పాత హైస్కూలు రిజిస్టరు తెరిచి, అందులోని ఒక పేజీ గురించి రాయండి. నా దగ్గర నాలుగు రిజిస్టర్లలో ఆ ఎర్ర సిరా కారణాలన్నీ పేర్లు లేకుండా ఎక్కించుకున్న నోట్‌బుక్ ఉంది. మొదటి వారానికి అది పనికొస్తుంది. అడిగితే పంపుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హైస్కూలు టీచరు