21 ఏళ్లలోపు దరఖాస్తు వేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు

సంపాదకులకు,

అమెరికాలో స్థిరపడిన పెద్దకొడుకో పెద్దకూతురో అక్కడి పౌరసత్వం తీసుకుని, కడపలోనో ప్రొద్దుటూరులోనో ఉన్న తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు ఇప్పించడం మన జిల్లాలో ఇప్పుడు కొత్త సంగతి కాదు. అయితే ఇంట్లో ఇంటర్మీడియటో ఇంజినీరింగో చదువుతున్న చిన్నబిడ్డ కూడా ఉన్నప్పుడు, తల్లిదండ్రుల వెంట ఆ బిడ్డ కూడా వెళ్లిపోతుందనే ధీమాతో కొన్ని కుటుంబాలు నిర్ణయాలు తీసుకుంటున్నాయి. కళాశాల అధ్యాపకుడిగా పనిచేసి విరమించిన నా దగ్గరికి ఇటువంటి కాగితాలు చూపించుకోవడానికి వచ్చే పాత విద్యార్థుల తల్లిదండ్రులను చూశాక, ఈ విషయం పత్రికాముఖంగా చెప్పడం అవసరమనిపించింది.

అమెరికా పౌరుల తల్లిదండ్రులకు ఇచ్చే వలస వీసాకు ఏటా ఇన్నే అన్న పరిమితి లేదు కాబట్టి అది త్వరగానే వస్తుంది. కానీ ఆ వీసా తల్లికి వేరుగా, తండ్రికి వేరుగా ఇచ్చేదే తప్ప, వారి మీద ఆధారపడిన పిల్లలకు అందులో చోటు లేదు. అన్న నేరుగా చెల్లెలికి దరఖాస్తు వేయవచ్చు గానీ, తోబుట్టువుల వర్గంలో భారతీయులు పదిహేనేళ్లకు పైగా వేచి ఉండాల్సి వస్తోంది. అందుచేత మిగిలిన దారి ఒక్కటే: తల్లిదండ్రులు ముందుగా అమెరికా వెళ్లి శాశ్వత నివాసులై, ఆ తర్వాత తమ పెళ్లికాని బిడ్డ కోసం ఐ-130 అనే బంధువుల వలస దరఖాస్తు వేయాలి. ఓటు వేయడానికి మన దగ్గర 18 ఏళ్లు చాలు. అక్కడి వలస చట్టానికి మాత్రం పెళ్లి కానంతవరకు 21 నిండేదాకా బిడ్డ బిడ్డే. ఆ వయసులోపు పిల్లలను ఎఫ్2ఏ అనే వర్గంలోను, అది దాటిన పెళ్లికాని వారిని ఎఫ్2బీ అనే వర్గంలోను చేరుస్తారు. రెండూ కలిపి ఏడాదికి కనీసం 1,14,200 వీసాలుండగా, వాటిలో 77 శాతం మొదటి వర్గానికీ మిగిలిన 23 శాతం రెండో వర్గానికీ పోతాయి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. బిడ్డకు 21 నిండకముందు దరఖాస్తు పడితే వయసు అక్కడితో ఆగిపోతుందని మన దగ్గర చాలామంది, కొందరు ఏజెంట్లు సైతం, గట్టిగా చెబుతున్నారు. తల్లో తండ్రో అమెరికా పౌరులై ఉన్నప్పుడు ఆ మాట నిజం. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్న తల్లిదండ్రుల విషయంలో నిజం కాదు. వీరి పిల్లలకు 2002లో వచ్చిన బాలల హోదా పరిరక్షణ చట్టం ఇచ్చిన వెసులుబాటు వేరు: వీసా సంఖ్య అందుబాటులోకి వచ్చిన, అంటే వీసా వంతు వచ్చిన రోజున బిడ్డకున్న వయసులో నుంచి, ఐ-130 పరిశీలనలో గడిచిన కాలాన్ని తీసివేస్తారు. దరఖాస్తు మంజూరైన తర్వాత వీసా వంతు కోసం వరుసలో గడిపిన కాలాన్ని తీసివేయరు. ఉదాహరణకు, 20 సంవత్సరాల 2 నెలల వయసులో దరఖాస్తు పడి, అది 10 నెలల్లో మంజూరై, బిడ్డకు సరిగ్గా 22 నిండిన రోజున వంతు వచ్చిందనుకుందాం. అప్పుడు లెక్కలోని వయసు 21 సంవత్సరాల 2 నెలలు, ఎఫ్2ఏ చేజారింది. అదే దరఖాస్తు మంజూరు కావడానికి 14 నెలలు పట్టి ఉంటే వయసు 20 సంవత్సరాల 10 నెలలై, బిడ్డ నిలిచేది. కార్యాలయం ఆలస్యం చేయడం దరఖాస్తుదారుకు మేలు చేసే చోటు నాకు తెలిసినంతలో ఇదొక్కటే. ఇలా వయసు నిలబడిన వారు సైతం వంతు వచ్చిన ఏడాదిలోగా వీసా ప్రక్రియను మొదలుపెట్టకపోతే ఆ రక్షణ పోతుంది.

2019 జులై నుంచి 2023 మార్చి వరకు ఎఫ్2ఏ వర్గంలో నిరీక్షణే లేదు. ఆ రోజుల్లో వెళ్లినవారి అనుభవం విని ఇప్పటివారు ధైర్యపడుతున్నారు. ఏ తేదీ వరకు పడిన దరఖాస్తులకు వంతు వచ్చిందో అమెరికా ప్రభుత్వం నెలనెలా ప్రకటించే వీసా బులెటిన్‌లో 2023 ఏప్రిల్‌లో తేదీ వెనక్కి వెళ్లడంతో ఆ అనుభవం ఇప్పటి లెక్కకు పనికిరాకుండా పోయింది. 21 దాటిపోయిన బిడ్డ దరఖాస్తు రద్దు కాదు, మొదట దరఖాస్తు పడిన తేదీతోనే ఎఫ్2బీలోకి మారుతుంది. అయితే అక్కడి నిరీక్షణ ఎనిమిదేళ్ల పైమాటే.

ఆ ఎనిమిదేళ్లలో ఏం జరుగుతుందో మన ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అమ్మాయికి 23 రాగానే సంబంధాలు చూడడం మొదలవుతుంది, తాతయ్య నాయనమ్మల ఒత్తిడి మొదలవుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవారి పెళ్లయిన పిల్లలకు అమెరికా చట్టంలో ఏ వర్గమూ లేదు గనుక, తల్లిదండ్రులు పౌరులు కాకముందే బిడ్డ మెడలో తాళి పడితే ఆ దరఖాస్తు దానంతటదే రద్దవుతుంది. తర్వాత వారు పౌరసత్వం తీసుకున్నా అది తిరిగి ప్రాణం పోసుకోదు. ఈ సంగతి పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక తెలిసిన కుటుంబం ఒకటి నాకు బాగా తెలుసు; వారి ఇబ్బందిని ఇంతకన్నా వివరించడం భావ్యం కాదు.

ఈలోగా పైచదువు పేరుతో స్టూడెంట్ వీసా మీద పంపిద్దామనుకునేవారు మరో సంగతి గమనించాలి. చదువు ముగించుకుని స్వదేశానికి తిరిగివస్తానని అధికారిని నమ్మించలేని వారికి అమెరికా వలస చట్టం 214(బి) సెక్షన్ కింద స్టూడెంట్ వీసా నిరాకరిస్తారు. తన పేరిట వలస దరఖాస్తు పడి ఉన్న విద్యార్థికి ఆ నమ్మకం కలిగించడం మరింత కష్టం. వీసా ఫారంలో ఆ ప్రశ్న సూటిగానే ఉంటుంది. దాన్ని దాచమని సలహా ఇచ్చేవారి మాట వింటే, తప్పుడు సమాచారం కింద జీవితాంతం ప్రవేశం నిషేధించే ప్రమాదం ఉంది. ఇక ఒంటరిగా ఉన్న కూతురికి తోడుగా తల్లి కడపలోనే ఉండిపోవడం మరో చిక్కు తెస్తుంది. తిరిగి అమెరికాలో ప్రవేశించడానికి ముందుగా తీసుకునే రీఎంట్రీ పర్మిట్ లేకుండా ఏడాదికి మించి బయట ఉంటే ఆమె గ్రీన్ కార్డుకే ఎసరు వస్తుంది. ఆ పర్మిట్‌కు అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేసుకోవాలి.

నెలల తేడాతో భవిష్యత్తు మారే ఈ లెక్కలో పుట్టిన తేదీ ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? బడిలో చేర్చిననాడు అయ్యవారు రాసిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌కు, దాని నుంచి పాస్‌పోర్టుకు ఎక్కి, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రంలో మరొకటి ఉన్న పిల్లలు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. వాటిని సరిచేయించుకోవలసింది పెద్దకొడుకు తల్లిదండ్రులకు దరఖాస్తు వేయకముందే గాని, ముంబైలో ఇంటర్వ్యూ తేదీ వచ్చాక కాదు.

చిన్నబిడ్డకు ఇంకా పద్నాలుగు, పదిహేనేళ్లే ఉన్న కుటుంబాలకు మరింత వెసులుబాటు ఉంది. శాశ్వత నివాసిగా ఐదేళ్లు గడిపి, బిడ్డకు 21 నిండేలోపు తల్లో తండ్రో పౌరసత్వ ప్రమాణం చేయగలిగితే, బిడ్డ వయసు ఆ రోజుతో ఆగిపోయి వరుసతో పని లేకుండా పోతుంది. 19, 20 ఏళ్ల బిడ్డ ఉన్నవారికి ఆ అవకాశం లేదు. తల్లిదండ్రులిద్దరూ ఒకేసారి వెళ్లాలా, ఒకరు ముందు వెళ్లి దరఖాస్తు వేసి రెండోవారు బిడ్డ దగ్గర ఉండాలా అన్నది వారు పెద్దకొడుకుతో కూర్చుని ముందే తేల్చుకోవాలి. దరఖాస్తు వేయడానికి ఇద్దరిలో ఒక్కరు శాశ్వత నివాసి అయితే చాలు.

ప్రవాసాంధ్రుల సేవల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఈ విషయంలో కడప, అనంతపురం, కర్నూలు పట్టణాల్లో అనుభవమున్న న్యాయవాదులతో సలహా శిబిరాలు పెడితే బాగుంటుంది. మీ పత్రిక కూడా విద్యా, ఉద్యోగ సమాచారం ఇచ్చే పేజీలో ప్రతినెలా వీసా బులెటిన్ వెలువడగానే ఎఫ్2ఏ, ఎఫ్2బీ వర్గాల్లో భారతీయులకు వర్తించే తేదీలను రెండు పంక్తుల్లో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
ఎర్రముక్కపల్లి, కడప.