ఆ చిన్న బాణం వెనక

సంపాదకుడికి,

మొన్న మీ కెరీర్ పేజీలో జీవశాస్త్ర పరిశోధన గురించి వేశారు. డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ, ఆపైన శాస్త్రవేత్త అని మెట్లు గీసి చూపించారు. పీహెచ్‌డీకీ శాస్త్రవేత్తకీ మధ్య ఒక చిన్న బాణం ఉంది చూశారూ, అందులోనే నా తొమ్మిదేళ్లు పోయాయి.

ఆ బాణం పేరు పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక వేరొకరి ల్యాబ్‌లో చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. ఏడాదికో రెండేళ్లకో కాంట్రాక్టు. గైడ్‌కు గ్రాంటు, అంటే పరిశోధన నిధులు వస్తే పొడిగిస్తారు, లేకపోతే లేదు. పని మాత్రం కాంట్రాక్టు చూసి ఆగదు. కణాలు పెంచుతున్నామంటే ఆదివారమైనా వెళ్లి వాటి మీడియం, అంటే అవి పెరిగే పోషక ద్రవం, మార్చాల్సిందే. ఒక జన్యువు తీసేసిన ఎలుకల సంతతి ప్రయోగానికి సిద్ధం కావడానికే ఏడాది పైన పట్టొచ్చు. అవి చేతికొచ్చేసరికి మొదలుపెట్టిన మనిషి వేరే ల్యాబ్‌లో ఉంటారు. నా ఎలుకల మీద పేపర్ వేరొకరు రాశారు. రచయితల జాబితా మధ్యలో ఎక్కడో నా పేరుంది లెండి.

సత్తా ఉన్నవాళ్లు ఎలాగైనా నిలబడతారంటారు. డగ్లస్ ప్రాషర్ సంగతి చూడండి. జెల్లీఫిష్‌లో ఆకుపచ్చగా మెరిసే ప్రొటీన్ తాలూకు జన్యువును వేరుచేసి 1992లో ప్రచురించారాయన. కణంలో ఏ ప్రొటీన్ ఎక్కడుందో మైక్రోస్కోప్ కింద చూడాలంటే ఇవాళ మేం దానికి తోకలా తగిలించేది ఇలాంటి మెరిసే ప్రొటీన్‌నే. నిధులు అయిపోయి ఆయన ఆ పని మానేశారు. అడిగిన మార్టిన్ చాల్ఫీకి, రోజర్ చెన్‌కు ఆ జన్యువు పంపించారు. 2008లో వాళ్లిద్దరికీ, ఆ ప్రొటీన్‌ను మొదట కనిపెట్టిన ఒసాము షిమొమురాకూ కలిపి రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. అప్పటికి ప్రాషర్ ఒక కార్ల షోరూమ్‌లో కస్టమర్లను దించే వ్యాన్ నడుపుతున్నారు.

కంపెనీలకో, పేటెంట్ల పనికో, జర్నల్ ఎడిటింగ్‌కో వెళ్లడం ఓటమి కాదు. కానీ ల్యాబ్‌లో ఆ మాటెత్తితే చాలు, ఏదో పరీక్ష తప్పినట్టు చూస్తారు. ఉండాలనుకుంటే సొంత ల్యాబ్ ఒక్కటే దారి. అది దక్కినా మళ్లీ పిపెట్ పట్టి ప్రయోగం చేసే తీరిక దొరకదు, గ్రాంటు దరఖాస్తులతోనే సరి. ల్యాబ్ పెట్టకుండా బెంచ్ దగ్గరే ఉండిపోయే స్టాఫ్ సైంటిస్ట్ పోస్టులు పర్మనెంట్‌వి చాలా తక్కువ. చేయి తిరిగినవాళ్లను పంపేసి, కొత్త విద్యార్థికి వెస్టర్న్ బ్లాట్ లాంటి, ప్రొటీన్లను గుర్తించే మామూలు పరీక్షలు కూడా మళ్లీ మొదట్నుంచి నేర్పుతున్నాం. వృథా అయ్యేది మా వయసొక్కటే కాదు, గ్రాంటు డబ్బు కూడా.

పర్మనెంట్ స్టాఫ్ సైంటిస్టులను పెంచాలి. పీహెచ్‌డీ సీట్ల ప్రకటన ఇచ్చే ప్రతి సంస్థా, గత పదేళ్లలో తమ దగ్గర చేరినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో అదే ప్రకటనలో చెప్పాలి. మీరు కూడా ఈసారి మెట్లు గీసేటప్పుడు ఆ బాణం పక్కన ఎన్నేళ్లు పట్టొచ్చో కాస్త రాయండి.

ఇట్లు,
ఒక పోస్ట్‌డాక్ పరిశోధకురాలు